సముద్రంలో బాయి

మా అక్క ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. మామూలుగా ఆమె బడి వేళలో చెయ్యదు. ఎత్తగానే, "చెల్లె, మీ బావ సముద్రంల బాయి కొన్నడంట. సాయంత్రం జర ఇంటికి రా" అని పెట్టేసింది.

మా వైపు బాయి అంటే బొగ్గు గని. గోదావరిఖనిలో పుట్టి పెరిగిన నాకు, 'బాయికి పోయిండు' అంటే షిఫ్టుకు వెళ్లాడనే అర్థం. నీళ్ల బావి సంగతి చెప్పాలంటే చేదబాయి అని విడిగా అనాలి. మా నాన్న బాయిలో బొగ్గు నింపి మమ్మల్ని పెంచాడు. మా బావ భూగర్భ గనిలో పంపు ఆపరేటర్‌గా చేసి అంతకు ముందటి ఏడాదే రిటైరయ్యాడు. అందుకని అక్క మాట వినగానే నాకు తోచింది, నడిసముద్రంలో టోపీలకు దీపాలు పెట్టుకుని వరసగా కిందికి దిగిపోతున్న మనుషులు. ఆ పూట ఇంకో పేపరు కూడా సరిగా దిద్దలేకపోయాను.

బడి విడిచాక ఆటో ఎక్కి వాళ్లింటికి వెళ్లాను. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక వాళ్లు లక్ష్మీనగర్‌కు కాస్త అవతల సొంతంగా చిన్న ఇల్లు కట్టుకున్నారు. బావ ముందు గదిలో మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. అక్క వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"అడుగు, నువ్వే అడుగు. నాకు చెప్తే సమజైతలేదు" అంది నాతో.

"చెప్పిన గదా. షేర్లు కొన్న" అన్నాడు బావ. "ఒక చిన్న కంపెనీ ఉన్నది. సముద్రంల చమురు కోసం బాయి తవ్వుతరట."

"సముద్రంల బాయికి ఎవలు దిగుతరు? నీళ్లు లోపలికి రావా? మనుషులు మునిగి సావరా?"

అక్క వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే అడిగింది. బావ కూడా నవ్వలేదు. "గదే నాకూ సమజ్ కాలె. అందుకే కొన్న" అన్నాడు.

ఆ జవాబు విని నేను చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాను. నన్ను పిలిపించింది ఆయన్ని మాన్పించడానికి. నేను ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా దగ్గరికే వస్తుంది. కానీ షేరు ఎందుకు కొన్నావంటే ఇట్లాంటి కారణం చెప్పినవాళ్లను నేను అంతవరకు చూడలేదు.

బావ మెల్లగా చెప్పాడు. రిటైరయ్యాక పొద్దున వాకింగుకు పోయే జట్టులో ఒకాయన షేర్ల సంగతి మాట్లాడుతూ ఉండేవాడట. సముద్రం అడుగున నేలకు రంధ్రం చేసి చమురు తీస్తారని ఆయన అంటే మా బావకు ఒకటే సందేహం వచ్చింది. తన నౌకరీ అంతా గనిలోకి ఊరే నీళ్లను పైకి తోడడమే. ఒక్క షిఫ్టు పంపు ఆగితే కింద మోకాలి లోతు నిలుస్తుంది. అట్లాంటిది నెత్తి మీద సముద్రాన్నే పెట్టుకుని కింద రంధ్రం చేస్తే నీళ్లు ఎట్లా ఆగుతాయి? వాకింగు స్నేహితుడికి అది తెలియదు. ఆయనకు తెలిసింది షేరు ధర ఒక్కటే. బావ బ్రోకర్ ఆఫీసుకు వెళ్లి ఖాతా తెరిచి, రిటైర్మెంటు డబ్బులో కొంత పెట్టి ఆ కంపెనీ షేర్లు కొనేశాడు.

"కొంటెనే వాళ్లు మనకు కాగితాలు పంపుతరట. అండ్ల రాస్తరు గదా ఎట్ల తవ్వుతరో" అన్నాడు.

"తెలుసుకోవాల్నంటే పైసలు పెట్టాల్నా?" అంది అక్క. "జూదం గాదా ఇది?"

"మీ పెదనాయిన కొడుకు కాసిపేటల బోరు మీద బోరు ఎయించిండు. పడ్డయా నీళ్లు? ఆయన జూదం ఆడుతుండని ఎవలన్న అన్నరా?"

"మిగిలిన పైసలేవి బావా?" అని అడిగాను. బ్యాంకులో ఉన్నాయని పాస్‌బుక్కు చూపించాడు. దాంతో నా మనసు కుదుటపడింది. "సరే, కంపెనీ పేరు చెప్పు. నేను చదివి చెప్త" అన్నాను. అక్క నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. మాన్పించమని పిలిస్తే ఇదీ ఆయనతోనే కూసున్నదేంది అన్నట్టుంది.

ఆ రాత్రి అన్నాల తర్వాత కంపెనీ వార్షిక నివేదిక తెరిచాను. నేను ఊహించిన కంపెనీ అందులో లేదు. మాకు కంపెనీ అంటే సైరన్, రైలు వ్యాగన్లు, షిఫ్టు బస్సులు, దవాఖాన, క్వార్టర్లు. ఈ కంపెనీకి ముంబయిలో ఒక ఆఫీసు, మా స్టాఫ్‌రూంలో పట్టేంత మంది ఉద్యోగులు. సొంత ఓడ లేదు, సొంత యంత్రం లేదు, అమ్మడానికి చుక్క చమురు లేదు. తూర్పు సముద్రంలో ఒక చోట వెతకడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతిలో చిన్న వాటా ఉంది. అసలు తవ్వేది వేరే పెద్ద కంపెనీ. మన కంపెనీ తన వాటా మేరకు ఖర్చు భరిస్తుంది. చమురు పడితే అదే మేరకు దక్కుతుంది. పడకపోతే ఖర్చయిన డబ్బు ఖర్చయినట్టే. ఇట్లాంటి చిన్న కంపెనీలు ప్రపంచమంతా ఉన్నాయని, వాటిలో చాలావాటికి ఒక్క బావి మీదే బతుకు ఆధారపడి ఉంటుందని చదివి ఆశ్చర్యపోయాను. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఖనిజాల పాఠం ఏళ్ల తరబడి చెబుతున్నాను. చమురు గురించి ఉన్న రెండు మూడు వాక్యాలు పిల్లలతో గీత గీయించి పేజీ తిప్పేసేదాన్ని. అది దొరకడానికి ముందు ఇంత తతంగం ఉంటుందని నాకు తోచనే లేదు.

తర్వాతి ఆదివారం బావకు నీళ్ల సంగతి చెప్పాను. మనుషులు కిందికి దిగరు. ఓడ మీది నుంచి పైపులోంచి పైపు దింపుకుంటూ పోతారు. పైపు చుట్టూ సిమెంటు పోస్తారు. లోపల బరువైన బురద నింపుతారు. ఆ బురద బరువే బయటి నీటినీ కింది గ్యాసునూ అదిమి పెడుతుంది.

"అంటే నీళ్లను తోడరన్నట్టు. వాటికంటే బరువైందాన్ని మీద పెడ్తరు" అన్నాడు బావ.

"అవును."

"ఎవడు కనిపెట్టిండో గని!" అని తొడ చరిచాడు.

మరుక్షణమే ఇంకో ప్రశ్న. కింద చమురు చెరువులాగా నిలిచి ఉంటుందా? నాకూ అట్లాగే అనిపించేది. చదివాక కాదని తెలిసింది. ఇల్లు కట్టినప్పుడు పెరట్లో మిగిలిన ఎండు ఇటుక ఒకటి తెచ్చి బకెట్లో ముంచాను. ఇటుక నుంచి సన్నగా బుడగలు లేచాయి. "లోపల ఖాళీ కనిపిస్తుందా? కనిపించదు. కానీ నీళ్లు పడుతున్నయి. కింది రాయి గిట్లనే ఉంటదట. చమురు రాయి సందుల్లో ఉంటదట" అన్నాను. బావ ఇటుకను తీసి, చేత్తో తూచి చూసి, మళ్లీ ముంచాడు. బాయిలో ఇసుకరాయి కప్పు నుంచి నీళ్లు ఎట్లా కారేవో చెప్పాడు. అక్క వచ్చి, "ఇద్దరు పిల్లలు ఆడుకున్నట్టు ఆడుతున్నరు" అంది. కానీ వెళ్లిపోలేదు. బుడగలు ఆగేదాకా తనూ చూసింది. ఆ ఇటుక పాఠం ఇప్పుడు బడిలో కూడా చెబుతున్నాను.

ఆ తర్వాత నేనూ కొన్ని షేర్లు కొన్నాను. పెద్ద మొత్తం కాదు, పోతే బాధపడి మర్చిపోగలిగినంత. మా ఆయన గోదావరి అవతలి జైపూర్ కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. చెబితే నవ్వి, "బొగ్గు మీద కూసోని చమురుకు పోతున్నరా?" అన్నాడు.

తవ్వే ఓడ వచ్చిందని కంపెనీ ప్రకటించినప్పుడు మాకు పండగలాగా అయింది. ఓడలు ఎక్కడున్నాయో చూపించే పటం ఒకటి ఇంటర్నెట్టులో దొరుకుతుందని నేను కనుక్కున్నాను. తీరం వెంట వందల గుర్తులు పాకుతూ ఉంటాయి. మాది మాత్రం ఒకే చోట ఉండేది. ఇంటర్వెల్లో స్టాఫ్‌రూంలో కూర్చుని దాన్ని చూసేదాన్ని. కదలని గుర్తును అంతసేపు ఏం చూస్తావని తోటి టీచర్లు అడిగేవాళ్లు. నాకు మాత్రం ఆ కదలని చుక్క కింద పైపు దిగుతూ ఉన్నట్టు అనిపించేది. బావ తన ఫోన్లో కూడా పెట్టించుకున్నాడు. పొద్దున్నే, "ఉన్నది, ఆడనే ఉన్నది" అని మెసేజ్ పెట్టేవాడు.

మధ్యలో కంపెనీ, ఉన్న వాటాదారులే ఇంకొన్ని షేర్లు తక్కువ ధరకు కొనుక్కోవచ్చని కబురు పెట్టింది. తవ్వకం ఖర్చు అనుకున్నదానికంటే పెరిగిందట.

"మల్ల అడుగుతున్నరా?" అంది అక్క. "ఇగ చాలు. ఇప్పటికి పెట్టింది చాలు."

బావ వాదించలేదు. కొత్తవి కొనకపోతే మన వాటా కాస్త పలచబడుతుందని నేను చెప్పాను. "పలచబడనియ్. మజ్జిగ పలచబడ్తే తాగమా?" అంది అక్క. ఆమె మాటే నెగ్గింది.

వానాకాలం పోయి తుఫానుల కాలం వచ్చింది. ఒక రోజు పొద్దున గుర్తు కదిలింది. బావ వెంటనే ఫోన్ చేశాడు. "పోతున్నది టీచరమ్మా! ఇడిసిపెట్టి పోతున్నది." బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్తల్లో చెబుతున్నారు. ఆ వారమంతా ఆయన వాతావరణ వార్తలు వదలకుండా చూశాడు. మా దగ్గర ఎండ కాస్తుంటే, ఎప్పుడూ చూడని సముద్రంలో గాలి ఎంత వేగంగా వీస్తోందో నాకు చెప్పేవాడు. కొన్ని రోజులకు ఓడ మళ్లీ వెనక్కి వచ్చి అదే చోట నిలిచింది. అంత నీళ్లలో, వదిలివెళ్లిన రంధ్రం దగ్గరికే మళ్లీ ఎట్లా వచ్చిందని ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకున్నాం.

చలి మొదలైనప్పుడు కంపెనీ నుంచి చిన్న ప్రకటన వచ్చింది. తవ్వుతుండగా గ్యాసు జాడలు కనిపించాయి, ఇంకా పరీక్షించాలి. అంతే. కానీ ఆ మర్నాటి నుంచి షేరు రోజూ ఎక్కడిదాకా పెరగనిస్తారో అక్కడిదాకా పెరిగి ఆగిపోయేది. దాన్ని అప్పర్ సర్క్యూట్ అంటారని బ్రోకర్ ఆఫీసులో చెప్పారు. వాకింగు స్నేహితులంతా బావ చుట్టూ చేరారు. జీవితంలో మొదటిసారి ఆయన్ను నలుగురు సలహా అడిగారు. సంతోషపడ్డాడో లేదో చెప్పలేను గానీ, ఆ రోజుల్లో చొక్కా ఇస్త్రీ చేయించుకుని వాకింగుకు వెళ్లేవాడు.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "నిజం చెప్పు చెల్లె. దొరికినట్టేనా?"

"దొరికినట్టు కాదు అక్కా. వాసన తగిలిందంటున్నరు, అంతే. ఎంతుందో తెల్వదు."

"అయితే సగం అమ్మమను."

నేను బావతో చెప్పాను. ఆయన ఇష్టపడలేదు. "పరీక్ష అయితుండగ ఎవలన్న లేసి పోతరా?" అన్నాడు. అప్పుడు అక్క లోపలి నుంచి వచ్చి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. కోపంగా అనలేదు. "నీకు బాయి కావాలె. నాకు పైసలు కావాలె. సగం నువ్వు ఉంచుకో, సగం నాకియ్యి" అంది. బావ నవ్వాడు. మర్నాడు సగం అమ్మేసి ఆ డబ్బు అక్క ఖాతాలో వేయించాడు. నేను మాత్రం నావి ఒక్కటీ అమ్మలేదు. అంత మందికి బుద్ధిగా సలహాలు చెప్పే టీచరును, నాకు నేను చెప్పుకోలేకపోయాను. లాభం మీద ఆశ కంటే, అమ్మేస్తే ఇక రోజూ ఆ చుక్కను చూడనేమో అన్న భయమే ఎక్కువగా ఉండింది.

పరీక్షల ఫలితం సంక్షిప్తంగా వచ్చింది. గ్యాసు ఉంది కానీ తీసి అమ్మేంత లేదు. బావిని మూసి వదిలేశాం అని రాశారు. చదివి ఫోను బల్ల మీద బోర్లించి తరగతికి వెళ్లాను. పిల్లలకు ఏం చెప్పానో గుర్తులేదు. తర్వాత రోజుల్లో షేరు రోజూ ఎక్కడిదాకా పడనిస్తారో అక్కడిదాకా పడి ఆగేది. అమ్ముదామన్నా కొనేవాళ్లు ఉండరు. పొద్దున మార్కెట్టు తెరవగానే అమ్మకానికి పెట్టినవాళ్ల వరస కనిపించేది, ఎదురుగా ఖాళీ. వాకింగు స్నేహితుడు తనవన్నీ ధర బాగా పెరిగాకే కొన్నాడు, అందుకని కొన్నాళ్లు వాకింగుకే రాలేదు. బావ ఒకరోజు ఆయనింటికి వెళ్లి టీ తాగి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏముంటది, ఊకెనే కూసున్నం" అన్నాడు.

ఆయన కూడా దిగులుపడ్డాడు. అయితే ఆ దిగులు నేననుకున్న రకంది కాదు. పటంలో గుర్తు కదిలి వెళ్లిపోయిన రోజు నాకు ఫోన్ చేసి, "పోయింది. ఇగ రాదు. గా రంధ్రం అట్లనే ఉంటదా?" అని అడిగాడు. నాకు తెలియదు. మూసి వదిలేశాం అన్నారు గానీ ఎట్లా మూశారో రాయలేదు.

ఆ ఏడాది కంపెనీ వాటాదారుల సమావేశం వీడియోలో పెట్టారు. ముందే పేరు నమోదు చేసుకుంటే వాటాదారులెవరైనా ప్రశ్న అడగొచ్చని నోటీసులో ఉంది. బావ పేరు నమోదు చేశాను. ఆ రోజు నేను సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. ఫోనును గ్లాసుకు ఆనించి స్టూలు మీద పెట్టాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. తెర మీద చైర్మన్, ఆయన పక్కన ఇంకో నలుగురు. వాటాదారులు ఒక్కొక్కరే మాట్లాడారు. కొందరు చైర్మన్‌ను పొగిడారు. ఒకాయన డివిడెండు ఎప్పుడిస్తారని అడిగాడు. ఒకావిడ, మా డబ్బేమైందని కోపంగా అరిచింది. చైర్మన్ అందరికీ ఒకే గొంతుతో జవాబిచ్చాడు.

బావ వంతు వచ్చింది. ఆయన రెండు మాటలు మాట్లాడేశాక గానీ, మైకు ఆపి ఉందని అవతలివాళ్లు చెప్పలేదు. నేను వంగి నొక్కాను. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. తెర మీద ఒకాయన ఉలిక్కిపడ్డాడు.

బావ తనకొచ్చిన హిందీలో నమస్కారం పెట్టి అడిగాడు. చమురు దొరకలేదన్నారు, సరే. మరి ఆ రంధ్రాన్ని ఎట్లా మూశారు? సముద్రపు నీళ్లు అందులోకి దిగవా? మా బొగ్గు బాయిలో బొగ్గు తీసిన చోట గోదావరి ఇసుక నింపేవాళ్లం, మీరేం నింపారు?

చైర్మన్ పక్కనున్న పెద్దాయన వైపు చూసి, మీరు చెప్పండి అన్నాడు. ఆయన ఇంజనీరట. అంతసేపూ కిందికి చూస్తూ కూర్చున్నవాడు తలెత్తి, ముందు మీరెక్కడి నుంచి అని అడిగాడు. రామగుండం వైపు అని బావ చెప్పాడు. ఇంజనీరు తీరిగ్గా వివరించాడు. కొంత కొంత దూరంలో సిమెంటు బిరడాలు వేశారట. ప్రతిదాన్నీ ఒత్తి చూసి గట్టిపడ్డాకే పైది వేశారట. సముద్రపు నేల మీద ఏమీ పొడుచుకుని ఉండకుండా పైపు కొస కోసేశారట. తవ్వినప్పుడు వచ్చిన రాతి ముక్కల్ని మాత్రం జాగ్రత్తగా దాచారట. రాయి చాలా మంచి రాయి, అనుకున్నట్టే సందులున్నాయి, కానీ ఆ సందుల్లో కాస్త గ్యాసు తప్ప మిగతాదంతా ఉప్పునీళ్లే అని చెప్పాడు.

"మరి చమురు ఎందుకు రాలేదు సార్ అందులోకి?" అని అడిగాడు బావ.

ఇంజనీరు నవ్వాడు. ఆ సమావేశంలో ఎవరైనా నవ్వింది అప్పుడే. అది ముందే తెలిసి ఉంటే ఇవాళ మీరూ నేనూ ఇట్లా కలుసుకునేవాళ్లం కాదు అన్నాడు. ఒకప్పుడు వచ్చి, ఎక్కడో పగులు గుండా జారిపోయిందేమో, లక్షల ఏళ్ల కింది సంగతి, ఇంకా చూస్తున్నాం అన్నాడు. అంతలో తర్వాతి వాటాదారుడిని పిలిచారు.

బావ చాలాసేపు ఆ తెర ముందు నుంచి లేవలేదు. "మంచిగ చెప్పిండు. దాచుకోకుండ చెప్పిండు" అన్నాడు. అక్క అన్నం వడ్డిస్తూ, "అయితే ఆడ కూడ నీళ్లేనా!" అంది. బావ ఫక్కున నవ్వాడు. తర్వాత ముగ్గురం నవ్వాం. డబ్బు పోయిన ఇంట్లో నవ్వినట్టు లేదు అది.

భోజనాలయ్యాక అక్కే అంది. "ఏడాది సంది సముద్రం సముద్రం అంటున్నరు. మీరిద్దరు ఫోన్లనన్న జూసిండ్రు. నాకు అదీ లేదు. నా దగ్గర పైసలున్నయ్. పోదాం పాండ్రి."

ఎండాకాలం సెలవుల్లో రామగుండంలో రైలెక్కాం. విజయవాడలో మారి, సామర్లకోటలో దిగి, కాకినాడ మీదుగా పొద్దున ఉప్పాడ తీరానికి చేరాం. అక్క సముద్రాన్ని చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నేరుగా నీళ్లలోకి నడిచింది. అల వచ్చి మోకాళ్ల దాకా తడిపితే చిన్నపిల్లలా కేక పెట్టింది. దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని, "థూ, నిజంగనే ఉప్పు" అంది నాతో, నేనేదో అబద్ధం చెప్పినట్టు.

బావ ఒడ్డున నిలబడి దూరంగా చూస్తున్నాడు. ఆకాశానికీ నీటికీ మధ్య ఒక బూడిదరంగు గీత తప్ప ఏమీ లేదు. దగ్గర్లో ఒకాయన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. బావ వెళ్లి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, చమురు ఓడలు ఎటు దిక్కుంటయి?"

"ఇక్కడి నుంచి కనపడవండి. బాగా లోపలికెళ్లాలి" అన్నాడు ఆయన, చేతిలో సూది ఆపకుండా. "పోయినేడు ఒకటొచ్చి చాన్నాళ్లు నిలబడిందండి. తర్వాతెళ్లిపోయింది."

"నువ్వు జూసినవా?"

"చూడకేవండి? దగ్గరికి రానివ్వరు. మేం ఆమడ దూరంలోనే ఆగిపోవాలి. కానీ దాని కింద చేపలు తెగ చేరతాయండి. నీడకో, వెలుగుకో మరి. అదెళ్లిపోయాక మళ్లీ ఎప్పట్లాగే."

బావ ముఖం వెలిగింది. వల ఎంత లోతుకు దిగుతుంది, అడుగున బురదా ఇసుకా, ఏ కాలంలో నీళ్లు ఎటు లాగుతాయి అని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయాడు. ఆ మనిషి మొదట పొడిపొడిగా చెప్పాడు. కాసేపటికి వల పక్కన పెట్టేశాడు. బొగ్గు తీయడానికి నేల కిందికి దిగుతారటగా, చీకట్లో భయం వెయ్యదా అని ఆయన అడిగాడు. నేల కనిపించకుండా పోతారటగా, మీకు వెయ్యదా అని బావ అడిగాడు. నేను వాళ్లిద్దరినీ అక్కడ వదిలేసి అక్క దగ్గరికి నీళ్లలోకి వెళ్లాను. ఎండ ముదిరేదాకా మేం కదల్లేదు. వెనక్కి వస్తూ అక్క ఒక ఉప్పాడ చీర కొనుక్కుంది, నాకూ ఒకటి కొంది.

ఇప్పటికీ ఆ షేర్లు నా ఖాతాలోనూ బావ ఖాతాలోనూ ఉన్నాయి. కొనేవాళ్లు దొరికే రోజులు వచ్చేసరికి వాటిని అమ్మి లాభం లేదని ఇద్దరికీ అనిపించింది. పోయిన డబ్బు గుర్తొచ్చినప్పుడు బాధగానే ఉంటుంది. ఆ డబ్బుతో ఇంకేం చెయ్యొచ్చో లెక్కవేసిన రోజులు నాకూ ఉన్నాయి. ఎవరైనా వచ్చి ఇట్లాంటి కంపెనీలో పెట్టమంటారా అని అడిగితే వద్దనే చెబుతాను. మొత్తం పోయినా ఇల్లు నడుస్తుందనుకుంటే, అదీ తెలుసుకోవాలని ఉంటే, అప్పుడు చూడమంటాను. బడిలో చమురు పాఠానికి మాత్రం ఇప్పుడు రెండు పీరియడ్లు చాలడం లేదు.

మొన్న కంపెనీ ఇంకో ప్రకటన పెట్టింది. పడమటి సముద్రంలో వేరే చోట వెతకడానికి అనుమతి వచ్చిందట. నేను చదివేలోగానే బావ ఫోన్ వచ్చింది.

"జూసినవా టీచరమ్మా?"

"చూస్తున్న బావా. మళ్ల కొంటవా ఏంది?"

"కొనుడు తర్వాత. మీ అక్క ఇననే ఇనదు. ముందుగాల యాడ తవ్వుతరో సూడు" అన్నాడు.

స్టాఫ్‌రూంలో ఎవరూ లేరు. అట్లాసు బల్ల మీద పరిచి, ఆయన ఫోన్లో వింటుండగా, ముంబయి నుంచి వేలు కదిపి వెతకడం మొదలుపెట్టాను.